వేర్వేరు టికెట్లతో విమానం మారుతున్నారా? ఎక్కడ తేడా వస్తుంది, ఏం చేయాలి

ఒకే టికెట్‌లో రెండు విమానాలుంటే మిమ్మల్ని చివరిదాకా చేర్చే పూచీ ఎయిర్‌లైన్‌ది. అవే రెండు విమానాలకు విడివిడిగా టికెట్లు కొంటే ఆ పూచీ మీ మీదే పడుతుంది. మీరు ఇంకో విమానం దిగి వస్తున్నారన్న సంగతి రెండో ఎయిర్‌లైన్ కంప్యూటర్‌లో ఎక్కడా ఉండదు. దాని లెక్కలో మీరు అదే ఊళ్లో ఉంటూ నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చే ప్రయాణికులు. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే.

సమస్య: మొదటి విమానం కాస్తే లేటైంది, అయినా రెండోది తప్పిపోయింది

కారణం చాలాసార్లు ఆలస్యం కాదు, లెక్క. ఉదాహరణకు మీరు ఉదయం 10:00కి దిగుతారు, రెండో విమానం మధ్యాహ్నం 2:00కి. చేతిలో 4 గంటలున్నట్టే కనిపిస్తుంది. కానీ అంతర్జాతీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్‌ను చాలా ఎయిర్‌లైన్లు గంట ముందే మూసేస్తాయి. అంటే మీ గడువు 2:00 కాదు, 1:00. తలుపు తెరిచి బయటికి రావడానికి 15 నిమిషాలు, ఇమిగ్రేషన్ క్యూ 60, బెల్ట్ దగ్గర బ్యాగు కోసం 30, టెర్మినల్ మారడానికి 30, కౌంటర్ క్యూలో 20 వేసుకోండి. 12:35 అవుతుంది. మిగిలింది 25 నిమిషాలు. మొదటి విమానం అరగంట లేటైతే చాలు, రెండోది పోయినట్టే.

బుకింగ్ సైట్లలో కనిపించే ‘కనీస కనెక్షన్ సమయం’ మీకు వర్తించదు. అది ఒకే టికెట్ మీద వెళ్తూ, బ్యాగు దానంతటదే మారిపోయే వాళ్ల కోసం పెట్టింది.

పరిష్కారం కొనేటప్పుడే ఉంది. చేతి సామాను మాత్రమే ఉండి, అదే టెర్మినల్ అయితే 3 గంటలు పెట్టుకోండి. బ్యాగు తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే 5 నుంచి 6 గంటలు. రెండో విమానం రోజుకొక్కటే ఉంటే, లేదా ఆ టికెట్ బాగా ఖరీదైనదైతే, రాత్రి అక్కడే ఉండి మర్నాడు వెళ్లడం మేలు. హోటల్ ఖర్చు దండగనిపిస్తుంది కానీ, అప్పటికప్పుడు కొనే కొత్త టికెట్‌తో పోలిస్తే అది చిన్న మొత్తమే. మొదటి విమానంగా ఆ రోజు ఆఖరుది ఎంచుకోకండి. అది రద్దైతే దాని వెనక ఇంకోటి ఉండదు.

ఇప్పటికే లేటైందా? అయితే ఒక్క నియమం: రెండో విమానం బయల్దేరకముందే ఆ ఎయిర్‌లైన్‌తో మాట్లాడండి. మొదటి ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర కూర్చుని ఉన్నప్పుడే యాప్‌లోనో ఫోన్‌లోనో తేదీ మార్పు అడగండి. మార్చుకునే వీలున్న టికెట్ అయితే రుసుము, ఛార్జీలో తేడా కట్టి బయటపడొచ్చు. బయల్దేరిపోయాక మీ పేరు ‘నో-షో’ (టికెట్ ఉండీ రానివారు) కింద పడుతుంది. అక్కడితో ఆగదు, అదే టికెట్‌లో తిరుగు ప్రయాణం ఉంటే దాన్ని కూడా చాలా ఎయిర్‌లైన్లు రద్దు చేసేస్తాయి. అందుకే తిరుగు టికెట్‌ను వేరే పీఎన్‌ఆర్ మీద కొనడం కొన్నిసార్లు తెలివైన పని. టికెట్ పూర్తిగా పోయినా, ప్రయాణం చేయలేదు కాబట్టి ఎయిర్‌పోర్ట్ పన్నులు వెనక్కివ్వమని అడగండి. చాలా చోట్ల ఇస్తారు, అడగకపోతే మాత్రం సాధారణంగా వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

సమస్య: బయల్దేరే ఊళ్లోనే కౌంటర్ దగ్గర ఆపేసి వీసా అడిగారు

మొదటి ఎయిర్‌లైన్ కంటికి మీ ప్రయాణం మధ్య ఊళ్లోనే ముగుస్తోంది. సరైన పత్రాలు లేనివారిని తీసుకెళ్తే జరిమానా కట్టి, వెనక్కి తెచ్చే భారం కూడా ఎయిర్‌లైన్‌దే. అందుకని సిబ్బంది టిమాటిక్ అనే డేటాబేస్‌లో మీ పాస్‌పోర్ట్‌ను బట్టి నిబంధనలు చూస్తారు. అందులో వీసా కావాలని ఉంటే ఎంత బతిమాలినా లాభం లేదు.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. మీరు ట్రాన్సిట్ ప్రాంతం (ఇమిగ్రేషన్ దాటకముందు, విమానం మారేవాళ్లు ఉండే చోటు) దాటకుండానే రెండో విమానం ఎక్కగలరా? బ్యాగు తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాల్సిందే, కాబట్టి చెక్-ఇన్ బ్యాగు ఉంటే చాలా చోట్ల ఆ దేశంలోకి ప్రవేశించే వీసా కావాలి, ట్రాన్సిట్ వీసా సరిపోదు. చేతి సామానే ఉన్నా, లోపల ట్రాన్స్‌ఫర్ డెస్క్ లేని చవక ఎయిర్‌లైన్ అయితే బోర్డింగ్ పాస్ కోసం బయటికి రావాల్సి రావచ్చు. రెండో ప్రశ్న, ఆ దేశం అసలు వీసా లేని ట్రాన్సిట్‌ను ఒప్పుకుంటుందా? అమెరికాలో దిగినవాళ్లందరూ, విమానం మారేవాళ్లు సహా, ఇమిగ్రేషన్ దాటాల్సిందే. కొన్ని దేశాల పౌరులకు షెంగెన్ (తమలో తాము సరిహద్దు తనిఖీలు తీసేసిన యూరప్ దేశాల కూటమి) ఎయిర్‌పోర్ట్‌లో లోపలే ఉన్నా ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా కావాలి. మధ్యలో రెండు షెంగెన్ ఎయిర్‌పోర్ట్‌లు వస్తే ఆ వీసా కూడా చాలదు, ఎందుకంటే వాటి మధ్య ప్రయాణం అంటే షెంగెన్‌లోకి ప్రవేశించినట్టే.

కొనకముందే ఆ దేశపు అధికారిక సైట్ చూసుకోండి. ప్రయాణం రోజున రెండో టికెట్, వీలైతే దాని బోర్డింగ్ పాస్, చివరి దేశపు వీసా కాగితం మీద చేతిలో ఉంచుకుని, అడగకముందే చూపించండి.

సమస్య: చివరి ఊళ్లో బ్యాగు రాలేదు

బ్యాగు పోలేదు, మధ్య ఊరి బెల్ట్ మీద తిరుగుతోంది. రెండు ఎయిర్‌లైన్ల మధ్య ఇంటర్‌లైన్ ఒప్పందం (ఒకరి ప్రయాణికులను, బ్యాగులను ఇంకొకరు అందుకునే ఏర్పాటు) ఉన్నా, వేర్వేరు టికెట్లకు చాలా ఎయిర్‌లైన్లు చివరిదాకా ట్యాగ్ వేయవు. కౌంటర్‌లో అడగండి, వేస్తే అదృష్టం. వేస్తామని మాట ఇచ్చినా నమ్మి కదలకండి. ట్యాగ్ మీద పెద్దగా అచ్చయ్యే మూడక్షరాల కోడ్ చదవండి. అది మధ్య ఎయిర్‌పోర్ట్ కోడ్ అయితే బ్యాగు అక్కడ మీరే తీసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నదే బ్యాగు దిగే చోటు, చేతికిచ్చే రసీదు ముక్క మీదా అదే కోడ్ ఉండాలి.

నిజంగానే ఆలస్యమైతే ఎయిర్‌పోర్ట్ వదలకముందే ఫిర్యాదు పత్రం రాయించి నంబరు తీసుకోండి. 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తించే ప్రయాణాల్లో బ్యాగు దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

సమస్య: రెండో కౌంటర్‌లో అదనపు బరువుకు డబ్బు కట్టమన్నారు

మొదటి ఎయిర్‌లైన్ 23 కిలోలవి రెండు బ్యాగులు ఒప్పుకుంది, రెండోది మొత్తం 20 కిలోలే. ఎవరి నియమం వాళ్లదే. రెండింటిలో తక్కువదాన్నే లెక్కగా పెట్టుకుని సర్దండి. ఎక్కువ కావాలంటే ఆన్‌లైన్‌లో ముందే కొనండి, కౌంటర్ ధర దాదాపు ఎప్పుడూ ఎక్కువే. చేతి సామానుకూ ఇదే వర్తిస్తుంది, 7 కిలోలకు మించి ఒప్పుకోని ఎయిర్‌లైన్లు చాలానే ఉన్నాయి. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాలుంటే బ్యాగు మళ్లీ ఇచ్చేముందు అందులో సర్దేయండి. లేకపోతే తర్వాతి సెక్యూరిటీలో 100 మిల్లీలీటర్ల నియమం కింద తీసేసుకోవచ్చు.

సమస్య: ఊరు సరైనదే, ఎయిర్‌పోర్ట్ వేరు

లండన్‌లో హీత్రూ, గాట్విక్. టోక్యోలో నరిటా, హనేడా. ఇస్తాంబుల్‌లో రెండు ఎయిర్‌పోర్ట్‌లు బాస్ఫరస్ జలసంధికి చెరో ఒడ్డున ఉన్నాయి. ధర చూసి కొనేటప్పుడు ఊరి పేరు కాదు, కోడ్ చూడండి. టెర్మినల్ కూడా చూడండి. ఒకే ఎయిర్‌పోర్ట్‌లోనే టెర్మినళ్ల మధ్య రైలో బస్సో ఎక్కాల్సిన చోట్లున్నాయి.

సమస్య: ప్రయాణానికి కొన్ని వారాల ముందు మొదటి విమానం టైమ్ మారింది

మొదటి ఎయిర్‌లైన్ తన టికెట్ డబ్బు వెనక్కిస్తుందేమో కానీ, రెండో టికెట్ మాట ఎత్తదు. ఆ మెయిల్ వచ్చిన రోజే, ‘అంగీకరిస్తున్నాను’ నొక్కకముందే, రెండో విమానం అందేలా, అంతకన్నా ముందు బయల్దేరే విమానంలోకి మార్చమని అడగండి. టైమ్ మార్చింది వాళ్లే కాబట్టి ఉచితంగా మార్చే అవకాశం ఎక్కువ. ఒకసారి ఒప్పుకున్నాక ఆ అవకాశం జారిపోతుంది.

సమస్య: పరిహారం అడిగితే రెండు ఎయిర్‌లైన్లూ కాదన్నాయి

విమాన ఆలస్యాలకు పరిహారం చెప్పే యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ఆలస్యాన్ని ఒకే బుకింగ్‌లోని చివరి ఊరి దగ్గర లెక్కిస్తుంది. మీవి రెండు బుకింగ్‌లు కాబట్టి ఒక్కో విమానాన్ని విడిగానే చూస్తారు. మొదటిది గంట లేటై రెండోది తప్పిపోతే ఆ గంటే లెక్క. ఇక మిగిలింది బీమా. పాలసీలో ‘మిస్డ్ కనెక్షన్’ అన్న మాట ఉంటే సరిపోదు. వేర్వేరు టికెట్లకు వర్తిస్తుందా, మధ్యలో కనీసం ఎన్ని గంటలుండాలి అన్న రెండు వాక్యాలు వెతకండి. క్లెయిమ్‌కు మొదటి ఎయిర్‌లైన్ నుంచి ఆలస్యం ఎంత, ఎందుకు అన్న రాతపూర్వక ధ్రువీకరణ కావాలి. ఆ రోజే డెస్క్ దగ్గర అడిగి తీసుకోండి. బోర్డింగ్ పాస్‌లు, కొత్త టికెట్ రసీదు, హోటల్ బిల్లు కూడా దాంతోపాటే దాచండి.