ఎల్డెన్ రింగ్ డీఎల్‌సీలో రెండు దెబ్బలకే చస్తుంటే

లెవెల్ 150 పాత్రతో ఎల్డెన్ రింగ్ గేమ్ డీఎల్‌సీ (విడిగా కొనే అదనపు భాగం) షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీలోకి దిగినా మామూలు సైనికుడే రెండు దెబ్బల్లో పడేస్తున్నాడా? నేనైతే వెనక్కెళ్లి లెవెల్ పెంచుకునే రూన్స్ పోగేస్తూ రెండు సాయంత్రాలు తగలేశాను, దండగ. బాస్‌ని పక్కనపెట్టి, గుర్రమెక్కి స్కాడుట్రీ ఫ్రాగ్మెంట్లు ఏరండి. మిక్వెల్లా అనే పాత్ర వదిలిన శిలువల దగ్గర, చర్చిల్లో బంగారు రంగులో మెరుస్తుంటాయి. నెత్తిన కుండ పెట్టుకున్న నీడ మనుషుల్ని చంపినా కొన్ని దొరుకుతాయి. సైట్ ఆఫ్ గ్రేస్ (గేమ్‌లో విశ్రాంతి తీసుకునే చోటు) దగ్గర కూర్చుని ఈ ముక్కలు వాడితే మనం కొట్టే దెబ్బ పెరుగుతుంది, మనకు తగిలేది తగ్గుతుంది. మొత్తం 50 ముక్కలు, వాటితో వచ్చే ఈ బలానికి 20 లెవెల్స్. మూడు నాలుగు లెవెల్స్ వచ్చాకే రెల్లానా అనే బాస్ జోలికెళ్లండి.

ఈ బలం డీఎల్‌సీ మ్యాప్ వరకే, పాత మ్యాప్‌కి తిరిగొస్తే పనిచేయదు. కవచాల బరువు 70 శాతం దాటి రోల్ (దెబ్బ తప్పించుకునే దొర్లుడు) నెమ్మదిస్తే, దానికీ ఇది మందు కాదు.