ఫ్రిజ్ వాటర్ ఫిల్టర్ మార్చడం: పావుగంట పని పూటంతా పట్టకుండా

ముందు మీ ఫ్రిజ్‌కి అసలు ఫిల్టర్ ఉందో లేదో చూసుకోండి. మన దగ్గర అమ్మే చాలా ఫ్రిజ్‌లలో తలుపుకి నీళ్ల డిస్పెన్సర్ ఉన్నా వెనక పైపు ఉండదు. లోపల నాలుగైదు లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది, దాన్ని చేత్తో నింపుకుంటాం. అలాంటివాటిలో సాధారణంగా మార్చడానికేమీ ఉండదు, వారానికోసారి ట్యాంకు ఊడదీసి కడుక్కుంటే చాలు. ఇక్కడ చెప్పేది వెనకనుంచి పావు అంగుళం పైపుతో నీళ్ల కనెక్షన్ ఉన్న ఫ్రిజ్‌ల గురించి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇవి మామూలే. ఇక్కడ కూడా పెద్ద సైడ్ బై సైడ్ మోడళ్లు కొన్నవాళ్లకి పరిచయమే.

ఫిల్టర్ మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది. ఫ్రిజ్ లోపల పైమూలనో, కూరగాయల డ్రాయర్ల దగ్గరో చిన్న మూత వెనక. లేదా కింద, నేలకి ఆనుకుని ఉండే గ్రిల్‌లో. లేదా ఫ్రిజ్ వెనక, పైపు మధ్యలో పొడవాటి గొట్టంలా. మూడోది ఉన్నవాళ్లకి చాలామందికి అది ఉందన్న సంగతే గుర్తుండదు. బిగించిన ప్లంబర్ వెళ్లిపోయాడు, ఫ్రిజ్ గోడకి చేరింది, ఏళ్లు గడిచాయి.

కొనేటప్పుడు ఫ్రిజ్ కంపెనీ పేరు చెప్తే సరిపోదు. లోపలి గోడ మీద అంటించిన స్టిక్కర్‌లో మోడల్ నంబరు చూసుకోండి, పాత ఫిల్టర్ మీద నంబరు కూడా ఫోటో తీసుకోండి. శాంసంగ్‌లోనే హెచ్‌ఏఎఫ్-సీఐఎన్ వేరు, హెచ్‌ఏఎఫ్-క్యూఐఎన్ వేరు. ఎల్‌జీలో ఎల్‌టీ700పీ ఉన్నచోట ఎల్‌టీ1000పీ పట్టదు. జీఈ వాళ్ల ఆర్‌పీడబ్ల్యూఎఫ్‌ఈ ఫిల్టర్‌లో చిప్ ఉంటుంది. ఆ చిప్‌ని ఫ్రిజ్ గుర్తుపట్టకపోతే ఫిల్టర్ సరిగ్గా కూర్చున్నా డిస్పెన్సర్ నీళ్లివ్వదు. చవకగా దొరికే వేరే కంపెనీ ఫిల్టర్లన్నీ చెడ్డవేం కాదు. కానీ పెట్టె మీద ఎన్‌ఎస్‌ఎఫ్ 42 (ఫిల్టర్లని పరీక్షించే అమెరికా సంస్థ ప్రమాణం) అని ఉంటే క్లోరిన్ వాసన, రుచి వరకే పరీక్షించారని అర్థం. సీసం, సిస్టుల్లాంటివాటికి (సిస్టులంటే గట్టి పెంకులో ఉండే పరాన్నజీవులు) 53 ఉండాలి, ఏయే పదార్థాలకో కూడా రాసుండాలి. అసలు ధరలో పావు వంతుకే వస్తూ ఏ సర్టిఫికెట్ నంబరూ లేనిదైతే వదిలేయండి.

విప్పడం

ఫ్రిజ్‌కి నీళ్లొచ్చే పైపు మీదున్న వాల్వ్ కట్టేయండి. చాలా మోడళ్లలో ఫిల్టర్ తీయగానే నీళ్లు వాటంతటవే ఆగిపోతాయి కాబట్టి వాల్వ్ కట్టక్కర్లేదని మాన్యువల్ చెప్తుంది. అయినా కట్టడమే మేలు. కట్టాక డిస్పెన్సర్‌ని ధార ఆగిపోయేదాకా నొక్కి పట్టుకోండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే, ఫిల్టర్ మొండికేయడానికి పెద్ద కారణమూ ఇదే: లోపలి పీడనం దాన్ని బిగబట్టి ఉంచుతుంది. పీడనం పోతే సగం బిగువు పోయినట్టే.

అమెరికాలో పాత ఇళ్లలో ఫ్రిజ్ లైన్‌కి శాడిల్ వాల్వ్ ఉంటుంది. రాగి పైపుకి బిగించి, సూదితో దానికి రంధ్రం చేసే రకం. దాన్ని ఏళ్ల తర్వాత తిప్పితే కారడం మొదలవుతుంది, సూది రంధ్రం కూడా సున్నంతో మూసుకుపోతూ ఉంటుంది. అలాంటిది కనిపిస్తే కదపకుండా ఇంటి మెయిన్ వాల్వ్ కట్టి పని కానిచ్చుకోండి, వీలు చూసుకుని పావు తిప్పు బాల్ వాల్వ్ వేయించుకోండి.

కింద ఒక పాత టవల్, చిన్న గిన్నె పెట్టుకోండి. ఎంత జాగ్రత్తగా తీసినా ఫిల్టర్‌లో ఉన్న నీళ్లు అరగ్లాసు దాకా ఒలుకుతాయి. తిప్పే రకమైతే అపసవ్య దిశలో పావు చుట్టు తిప్పాలి. నొక్కే రకమైతే బటన్ నొక్కగానే బయటికొస్తుంది. తిరగకపోతే రబ్బరు గ్లవ్ తొడుక్కుని ప్రయత్నించండి. పచ్చడి సీసా మూత రానప్పుడు చేసే చిట్కాలన్నీ ఇక్కడా పనికొస్తాయి, ఒక్క వేడినీళ్లు పోయడం తప్ప. పైపు రెంచీ జోలికి మాత్రం వెళ్లకండి. ఫిల్టర్ విరిగినా ఫర్వాలేదు, ఎలాగూ పారేసేదే. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ హెడ్ పగిలితే మాత్రం ఫిల్టర్ ఖరీదుకి ఎన్నో రెట్లు అవుతుంది.

పాతది చేతికొచ్చాక వెంటనే దాని మూతి చూడండి. అక్కడ సాధారణంగా రెండు నల్ల రబ్బరు రింగులుంటాయి. ఒకటే కనిపిస్తే రెండోది హెడ్ లోపల అతుక్కుపోయిందన్నమాట. టార్చ్ వేసి వెతికి, వేలితోనో చెక్క పుల్లతోనో బయటికి లాగండి. చూసుకోకుండా కొత్తది దూర్చితే రింగు మీద రింగు పడుతుంది. అప్పుడు ఫిల్టర్ పూర్తిగా కూర్చోదు, లేదా కూర్చున్నట్టే కనిపించి రాత్రంతా చుక్కలు కారుస్తుంది. "కొత్త ఫిల్టర్ డిఫెక్ట్ పీసు" అని వెనక్కి పంపేవాటిలో కొన్ని నిజానికి ఇలాంటివే.

బిగించడం

కొత్తదాని మూతికున్న ప్లాస్టిక్ మూత తీసేయండి. రింగుల్ని మామూలు నీళ్లతో తడపండి. వాసలీను, కొబ్బరినూనె వద్దు. ఇలాంటి సీళ్లకి ఎక్కువగా వాడే రబ్బరు నూనెకి ఉబ్బిపోతుంది. నిటారుగా పట్టుకుని లోపలికి నెట్టి, బాణం గుర్తు తాళం బొమ్మకి ఎదురొచ్చేదాకా తిప్పండి. కొంచెం మిగిలిపోయినా హెడ్ లోపలి వాల్వ్ సగమే తెరుచుకుంటుంది. ధార సన్నగా వస్తోందన్నప్పుడు మొదట అనుమానించాల్సింది ఈ మిగిలిన పిసరునే.

ఫ్రిజ్ వెనకుండే రకమైతే దాని ఒంటి మీద బాణం ఉంటుంది. అది ఫ్రిజ్ వైపు చూడాలి. కనెక్టర్ చివరి రింగుని లోపలికి నొక్కి పట్టి పైపు లాగితే ఊడివస్తుంది. పాత పైపు చివర గీతలు పడి ఉంటుంది కాబట్టి ఒక అంగుళం కోసేయండి. కోత ఏటవాలుగా కాకుండా పైపుకి సరిగ్గా అడ్డంగా ఉండాలి. కూరగాయల కత్తి పైపుని నలిపేస్తుంది, పదునైన కట్టర్ వాడండి. చివరనుంచి 15 మిల్లీమీటర్ల దగ్గర పెన్నుతో గీత పెట్టి, ఆ గీత లోపలికి పోయేదాకా నెట్టి, ఒకసారి వెనక్కి లాగి చూడండి. నీళ్లు తెరిచాక జాయింట్ల కింద న్యూస్‌పేపర్ పరిచి అరగంట ఆగండి. తడి మచ్చ కనిపించకపోతేనే ఫ్రిజ్‌ని గోడకి నెట్టండి, అదీ పైపు మడతపడకుండా.

మొదటి పది పదిహేను లీటర్లు

వాల్వ్ తెరిచి, డిస్పెన్సర్‌ని 5 సెకన్లు నొక్కి, 5 సెకన్లు వదులుతూ పది పదిహేను లీటర్లు బకెట్‌లోకి పట్టండి. మీ మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. మొదట గాలి తుప్పుతుప్పుమంటుంది, తర్వాత నీళ్లు నల్లగానో బూడిద రంగులోనో రావచ్చు. అది ఫిల్టర్‌లోని బొగ్గు పొడి; హాని చేయదు గానీ తాగబుద్ధి కాదు. ఆ నీళ్లు మొక్కలకి పోసుకోండి. ఐస్ మేకర్ ఉంటే మొదటి రోజు ఐసంతా పారేయండి.

ఆ సాయంత్రం నీళ్లు చల్లగా రావట్లేదని కంగారు పడొద్దు. ఫ్రిజ్ లోపల చల్లబడి ఉన్న నిల్వ నీళ్లన్నీ మీరే బకెట్‌లోకి వదిలేశారు, మళ్లీ చల్లబడటానికి కొన్ని గంటలు పడుతుంది. గ్లాసు తీశాక కూడా చుక్కలు పడుతుంటే పైపులో గాలి మిగిలిందని అర్థం. నొక్కినప్పుడు కుదించుకుపోయిన గాలి, వదలగానే సాగి నీళ్లని బయటికి తోస్తుంది. ఇంకో రెండు మూడు లీటర్లు పట్టండి. రెండు రోజులైనా ఆగకపోతే అప్పుడు ఫ్రిజ్‌లోకి నీళ్లు వదిలే వాల్వ్ సంగతి చూడాలి.

ఇక ఫిల్టర్ మార్చమని ఫ్రిజ్ మీద వెలిగే ఎర్ర లైటు. చాలా ఫ్రిజ్‌లలో అది నీళ్లు బాగున్నాయో లేదో చూసి వెలిగేది కాదు. ఆరు నెలలు గడిచాయనో, ఇన్ని లీటర్లు వాడారనో లెక్కపెట్టి వెలుగుతుంది. ఫిల్టర్ మార్చినా రీసెట్ చేయకపోతే అలాగే వెలుగుతూ ఉంటుంది. ఎక్కువ మోడళ్లలో ఫిల్టర్ అని రాసున్న బటన్‌ని 3 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. చైల్డ్ లాక్ వేసి ఉంటే ఎంత నొక్కినా పలకదు, ముందు అది తీయండి.

ఆరు నెలలు అనేది కంపెనీ వ్యాపారం కోసం పెట్టిన గడువే అని కొట్టిపారేయకండి. బొగ్గు చేసే మొదటి పని నీళ్లలోని క్లోరిన్‌ని పీల్చేయడం. క్లోరిన్ పోయిన నీళ్లు ఫిల్టర్‌లో నిలవుంటే సూక్ష్మజీవులకి అడ్డు తగ్గుతుంది. అందుకే తక్కువ వాడే ఇంట్లో కూడా గడువు గడువే. ఊరెళ్లి రెండు వారాల తర్వాత వచ్చినా మొదటి రెండు మూడు లీటర్లు పారబోయాలి.

ధార సన్నగా వస్తుంటే

ఫిల్టర్‌దా తప్పు, లైన్‌దా అని తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది. 170 మిల్లీలీటర్ల గ్లాసు సుమారు 10 సెకన్లలో నిండాలి. ఫిల్టర్‌తో ఒకసారి, ఫిల్టర్ తీసి బైపాస్ ప్లగ్ (ఫిల్టర్ చోట బిగించి నీళ్లని నేరుగా పోనిచ్చే బిరడా) పెట్టి ఇంకోసారి కొలవండి. ప్లగ్‌తో బాగా వస్తే ఫిల్టర్ మూసుకుపోయింది. రెండుసార్లూ సన్నగానే వస్తే పైపు మడతపడిందనో, వాల్వ్ పూర్తిగా తెరవలేదనో, పీడనం చాలట్లేదనో అనుకోవాలి. ఫ్రీజర్ తలుపుకి డిస్పెన్సర్ ఉండి, అసలు చుక్కే రాకపోతే తలుపులోని సన్న గొట్టంలో నీళ్లు గడ్డకట్టి ఉండవచ్చు. ఫ్రీజర్‌ని మైనస్ 18 కంటే కిందకి పెట్టారేమో చూడండి.

మన అపార్ట్‌మెంట్లలో అసలు చిక్కు పీడనమే. ఈ ఫ్రిజ్‌లకి సాధారణంగా కనీసం 20 పీఎస్ఐ కావాలి, అంటే దాదాపు 14 మీటర్ల ఎత్తునుంచి దిగే నీళ్ల బలం. టెర్రస్ మీద ట్యాంకు ఉంటే, ఒక్కో అంతస్తుకి మూడు మీటర్ల లెక్కన, ఐదంతస్తుల బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌కి ఆ బలం అందుతుంది. పై అంతస్తులో ఉన్నవాళ్లకి నాలుగైదు మీటర్లే దక్కుతుంది. అక్కడ ఎన్ని ఫిల్టర్లు మార్చినా ధార పెరగదు. ప్రెషర్ స్విచ్ ఉన్న బూస్టర్ పంపు పెట్టించాల్సిందే.

ఇంకో మాట. బోరు నీళ్లని నేరుగా ఈ ఫిల్టర్‌కి ఇచ్చి నిశ్చింతగా ఉండకండి. ఇది ఆర్ఓ కాదు, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) తగ్గించదు. మీటర్ పెట్టి చూసి ముందూ వెనకా ఒకే అంకె వచ్చిందని ఫిల్టర్‌ని తిట్టి లాభం లేదు. నల్గొండ వైపు బోర్లలో ఉండే ఫ్లోరైడ్‌ని మామూలు బొగ్గు ఫిల్టర్ ఆపలేదు. మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. ముందే శుద్ధి అయిన మున్సిపల్ నీళ్ల వాసన తీసి రుచి మెరుగుపరచడం దీని పని. సూక్ష్మజీవుల పరంగా సురక్షితం కాని నీళ్లకి వాడొద్దని ఫిల్టర్ల కాగితాల మీదే రాసి ఉంటుంది.

ఆర్ఓ నీళ్లనే ఫ్రిజ్‌కి ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు. కానీ గోడకి తగిలించే ఆర్ఓ మిషన్ ట్యాంకులోంచి నీళ్లు ఊరికే జారుతాయి, వాటికి బలం ఉండదు. అక్కడా పంపు తప్పదు. అప్పుడు ఫ్రిజ్ ఫిల్టర్ తీసేసి బైపాస్ ప్లగ్ పెట్టేయండి, ఉన్న కాస్త పీడనాన్ని ఇంకో ఫిల్టర్ తినేయకుండా ఉంటుంది. కొన్ని మోడళ్లు ఫిల్టర్ లేకున్నా వాటంతటవే నీళ్లిస్తాయి, మిగతావాటికి ప్లగ్ కావాలి. ఫ్రిజ్‌తోపాటు వచ్చిన ఆ ప్లగ్ సాధారణంగా అట్టపెట్టెతో కలిసి పాత సామాన్ల బండి ఎక్కేసి ఉంటుంది. దొరక్కపోతే ఫ్రిజ్ మోడల్ నంబరు చెప్పి విడిగా తెప్పించుకోవచ్చు.