పక్క సిస్టమ్‌లో తెరుచుకుంటేనే అది బ్యాకప్

విజయవాడ ఏలూరు రోడ్డు దగ్గర మాది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కంపోజ్ చేస్తాం. మొదట్లో సీ డ్రైవ్‌లో పని చేసి, సాయంత్రానికి డీ డ్రైవ్‌లో కాపీ పడేసి ధీమాగా ఇంటికెళ్ళేవాణ్ణి. సీ, డీ రెండూ ఒకే హార్డ్‌డిస్క్‌లో భాగాలు. మాఘమాసం ముహూర్తాల రద్దీలో ఆ డిస్క్ టక్ టక్‌మని ఆగిపోయింది. రెండూ పోయాయి.

ఒక కవిగారి పుస్తకం మాత్రం పెన్‌డ్రైవ్‌లో మిగిలింది. కొత్త సిస్టమ్‌లో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వేసి తెరిస్తే, పద్యాల చోట ఇంగ్లీషు అక్షరాలు, ఏవో గుర్తులు. ఫైలు బాగానే ఉంది, మేము తెలుగుకి వాడే అను ఫాంట్లు అందులో లేవు. అవి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుని తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. అందుకే నా బ్యాకప్‌లో మొదటి ఫోల్డర్ ఫాంట్లది, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లది. ప్రతి ఫైనల్ జాబ్‌కీ ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైలులోనే ఇమిడ్చిన) పీడీఎఫ్ కూడా పెడతాను.

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లు రెండు కొనండి. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. శనివారం శనివారం మార్చండి. డిస్క్‌లో ఫైళ్ళు అమర్చే పద్ధతుల్లో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకుని ఫార్మాట్ చేయండి, ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. కాపీకి విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కమాండ్ చాలు. అయితే అందులో మిర్రర్ ఆప్షన్ జోలికి వెళ్ళకండి. ఇక్కడ పొరపాటున చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. కాపీ అవ్వగానే డిస్క్ తీసేయండి. తగిలించి ఉంచితే, రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజున అదీ లాక్ అవుతుంది.

గూగుల్ డ్రైవ్ ఉందిగా అంటారు చాలామంది. ఉచితంగా వచ్చేది 15 జీబీ, అదీ జీమెయిల్‌తో కలిపి. పైగా సింక్ (రెండు చోట్లా ఫైళ్ళను ఒకేలా ఉంచడం) వేరు, బ్యాకప్ వేరు. సిస్టమ్‌లో డిలీట్ చేస్తే అక్కడా ట్రాష్‌లోకి వెళ్తుంది, 30 రోజులకు శాశ్వతంగా పోతుంది. మూడో కాపీగా పెట్టుకోండి, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

నెలకోసారి మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కి ఆ డిస్క్ తగిలించి, ఏదో ఒక పాత జాబ్ తెరుస్తాను. మొదటి పేజీ చూసి మూసేయను. చివరిదాకా వెళ్ళి ‘లక్ష్మి’లో మ ఒత్తు, ‘కృష్ణ’లో వట్రుసుడి, ణ ఒత్తు వాటి చోట పడ్డాయో లేదో చూస్తాను. ఒక్కటి తప్పినా ఆ రోజే ఫాంట్ల ఫోల్డర్ సరిచేస్తాను.