తీవ్ర మితవాద పార్టీల ఎన్నికల వార్త రాసే పద్ధతి

శ్రీకాకుళం డెస్కులో కూర్చుని యూరప్ ఎన్నికలపై వార్తా సంస్థ పంపిన వార్తను తెలుగులోకి మార్చేటప్పుడు, ముందుగా తీవ్ర మితవాద (ఫార్ రైట్) పార్టీ దేన్ని వ్యతిరేకిస్తోందో, ఏ చట్టం తెస్తామంటోందో ఒక్క వాక్యంలో చెప్పాలి. ‘వివాదాస్పద’, ‘సంచలన’ వంటి విశేషణాలు ఆ పని చేయవు.

అసలు కష్టమంతా శీర్షికలోనే ఉంది. ‘వలసదారుల వల్లే నేరాలు: పార్టీ నేత’ అని పెడితే, లోపలి ఖండన చదవనివారికి ఆ ఆరోపణే వార్తగా మిగులుతుంది; కొటేషన్ గుర్తులు మనల్ని కాపాడవు. ‘నేరాలపై ఆధారం చూపని నేత’ అని రాస్తే నిజం శీర్షికలోనే ఉంటుంది, అయితే ఆయన ఆధారం చూపలేదని ముందు మనం నిర్ధారించుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా పొట్టకూటికి వలస వెళ్లినవారి ఇళ్లున్న ఈ జిల్లాలో, వలసదారు అన్న మాట ఎవరికీ పరాయిది కాదు.

పార్టీ బలాన్ని పెంచీ తగ్గించీ రాయకూడదు. 2025 ఫిబ్రవరి 23న జరిగిన జర్మనీ ఎన్నికల్లో తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ (ఆల్టర్నేటివ్ ఫర్ జర్మనీ) 20.8 శాతం ఓట్లతో రెండో స్థానంలో నిలిచింది. దాన్ని ‘ప్రభంజనం’ అనడం కంటే 2021 నాటి ఓట్లకు దాదాపు రెట్టింపు అనడం నయం.

మన ఎన్నికల్లో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ సభలో ఎవరైనా మతం పేరిట ఓటడిగితే, అలా అడగడాన్ని అవినీతి చర్యగా చెప్పే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షన్‌ను వార్తలోనే ప్రస్తావించి, పూర్తి రికార్డింగు భద్రపరచాలి.