టైల్స్ వేసే ముందు కాంక్రీట్ నేలను ఎలా సిద్ధం చేయాలి?

వేసిన కొద్ది నెలలకే టైల్స్ గుల్లగా మోగినా, మధ్యలో చీలినా అందరూ ముందు టైల్‌నే అనుమానిస్తారు. చాలాసార్లు లోపం దాని కింద ఉంటుంది. టైల్ అడ్హెసివ్ గట్టిగా పట్టుకోవాల్సింది కాంక్రీట్‌ని. ఆ రెండింటి మధ్యలో దుమ్మో, నూనె మరకో, పాత పెయింటో ఉంటే ఎంత ఖరీదైన అడ్హెసివ్ తెచ్చినా అది ఆ పొరతో పాటే ఊడి వస్తుంది. అందుకే ఈ పనిలో తొందరపడకండి.

ముందు తేమ సంగతి చూడండి

కొత్తగా పోసిన కాంక్రీట్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి. ఆరే క్రమంలో కాంక్రీట్ కొద్దిగా కుంచించుకుపోతుంది. టైల్ కుంచించుకోదు. ఆ తేడా భరించలేక టైల్ పైకి లేస్తుంది, లేదంటే చీలుతుంది.

పాత నేల అయినా తేమ పరీక్ష మానొద్దు. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీట్‌ని నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేప్‌తో అంటించండి. కనీసం 16 గంటల తర్వాత తీసి చూడండి. షీట్ లోపలి వైపు నీటి చుక్కలు ఉన్నా, కింద కాంక్రీట్ రంగు ముదిరినా తేమ పైకి వస్తున్నట్టే. ఇంకొన్నాళ్లు ఆరనివ్వాలి. కింద మట్టిలోంచి ఎక్కే తేమ అయితే ఎన్నాళ్లు ఆగినా తగ్గదు, దాన్ని ఆపే పూత వేయాల్సిందే.

కాంక్రీట్ బయటపడేదాకా శుభ్రం చేయండి

ఊడ్చి, కడిగేస్తే శుభ్రమైనట్టు కాదు. గదిలో అక్కడక్కడా కొన్ని నీటి చుక్కలు వేసి, వంగి దగ్గర నుంచి చూడండి. ఒక నిమిషంలోపే చుక్క చుట్టూ నేల నల్లబడి నీళ్లు ఇంకిపోతే మంచిది. అలా కాకుండా చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడిందంటే అక్కడ నూనె, మైనం, సీలర్ (నీళ్లు ఇంకకుండా వేసే పూత) లాంటిదేదో ఉంది. అడ్హెసివ్‌కి అక్కడ పట్టు దొరకదు.

నూనె మరకలను జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో రుద్ది కడగాలి. పెయింట్, సీలర్, గట్టిపడిన పాత గమ్ గీకితే రావు, డైమండ్ కప్ వీల్ (కాంక్రీట్‌ని అరగదీసే గిన్నె ఆకారపు చక్రం) పెట్టిన గ్రైండర్‌తో తీయాలి. స్క్రూడ్రైవర్‌తో గీస్తే పైపొర తెల్లటి పొడిగా రాలుతోందా? పోసినప్పుడు నీళ్లు ఎక్కువై పైకి తేలిన సిమెంట్ పాల పొర అది. దాన్నీ గ్రైండ్ చేయాల్సిందే. యాసిడ్ పోసి కడగమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నా మాట వింటే దాని జోలికి పోకండి. అది నూనెనీ సీలర్‌నీ తీయలేదు, పైగా సరిగ్గా కడగకపోతే కాంక్రీట్‌లోనే మిగిలిపోతుంది.

గ్రైండింగ్‌లో లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడు చేస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే చాలదు, దుమ్ము పీల్చే వ్యాక్యూమ్ తగిలించిన గ్రైండర్, సరైన రెస్పిరేటర్ మాస్క్ కావాలి. బాగా పాత భవనాల్లో నల్లటి తారులాంటి గమ్ కనిపిస్తే అందులో ఆస్బెస్టాస్ (పీలిస్తే ప్రమాదకరమైన ఖనిజ నార) ఉండే అవకాశం ఉంది. పరీక్ష చేయించకుండా దాన్ని గీకొద్దు.

గుల్లలు, పగుళ్లు

సుత్తితో మెల్లగా కొడుతూ గదంతా తిరగండి. గుల్ల శబ్దం వచ్చిన చోట వదులు భాగాన్ని పగలగొట్టి తీసేసి, రిపేర్ మోర్టార్‌తో నింపాలి.

వెంట్రుక మందం పగుళ్లు చాలా నేలల్లో ఉంటాయి. వాటి మీద క్రాక్ ఐసొలేషన్ మెంబ్రేన్ (పగులు కదలికను పైకి రానివ్వని సాగే పొర) వేస్తే ఆ కదలిక టైల్ దాకా రాదు. పగులు మీద వేలు అడ్డంగా పోనిచ్చి చూడండి. ఒక వైపు ఎత్తుగా తగిలినా, పగులు రోజురోజుకీ వెడల్పవుతున్నా అది పూతలతో పోయేది కాదు, ఇంజనీర్‌కి చూపించాలి. ఇక ఎక్స్‌పాన్షన్ జాయింట్‌లను (కాంక్రీట్ వ్యాకోచించడానికి కావాలని వదిలిన ఖాళీలను) ఎప్పుడూ టైల్‌తో మూసేయకండి. అదే గీత మీద టైల్స్ మధ్య కూడా ఖాళీ వదిలి, సాగే సీలెంట్‌తో నింపాలి.

ఎత్తుపల్లాలు సరిచేయడం

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. 3 మీటర్ల నిడివిలో 6 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు. ఏదైనా ఒక అంచు 38 సెంటీమీటర్లు లేదా అంతకన్నా పొడవున్న పెద్ద టైల్స్ అయితే 3 మిల్లీమీటర్లే. టైల్ పెద్దదయ్యేకొద్దీ కింది ఎత్తుపల్లాలను బట్టి వంగదు కదా.

పొడవాటి అల్యూమినియం బద్దను నిలువుగా, అడ్డంగా, ఐమూలగా జరుపుతూ చూడండి. బద్ద ఊగిన చోట మిట్ట, కింద వెలుతురు కనిపించిన చోట పల్లం. మిట్టలకు ఇంటూ గుర్తు, పల్లాలకు సున్నా సుద్దముక్కతో గీయండి. ముందు మిట్టలను గ్రైండ్ చేయండి. ఒక్క మిట్టను వదిలేసినా దానికోసం మిగతా గదంతా పైకి లేపాల్సి వస్తుంది.

చిన్న పల్లాలకు ప్యాచింగ్ మోర్టార్ సరిపోతుంది. గదంతా తేడాగా ఉంటే సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ (తనంతట తానే పారి సమంగా పరుచుకునే సిమెంట్ మిశ్రమం) పోయాలి. దానికి ముందు ప్రైమర్ పూత తప్పనిసరి. లేకపోతే పొడి కాంక్రీట్ అందులోని నీటిని లాగేస్తుంది, పైన బుడగలు వస్తాయి. గోడల వెంట ఫోమ్ పట్టీ పెట్టండి, రంధ్రాలన్నీ మూసేయండి, తలుపు కింద ఎంత ఖాళీ ఉందో ముందే కొలవండి. నీళ్లు బస్తా మీద రాసినంతే కొలిచి కలపాలి. జారుగా ఉంటుందని కొంచెం ఎక్కువ పోస్తే పైపొర పిండిలా రాలుతుంది. కలిపాక కొద్ది నిమిషాల్లోనే గట్టిపడటం మొదలవుతుంది కాబట్టి ఒకరు కలుపుతుంటే ఇంకొకరు పోస్తూ పోవాలి.

బాత్రూమ్‌లో ఈ కాంపౌండ్ పోస్తే వాటం పోతుంది. అక్కడ మీటరుకు 10 నుంచి 12 మిల్లీమీటర్ల చొప్పున డ్రెయిన్ వైపు వాటం ఇస్తూ మోర్టార్ పరవాలి. తర్వాత వాటర్‌ప్రూఫింగ్ చేసి, అది ఆరాక డ్రెయిన్ మూసి, 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలి. చెమ్మ ఎక్కడ దిగినా ఇప్పుడైతే సరిచేయడం తేలిక.

టైల్స్ మొదలుపెట్టే రోజు పొద్దున మరోసారి వ్యాక్యూమ్ చేసి, అరచేతితో నేలను తుడిచి చూడండి. చేతికి తెల్లగా అంటితే తడి స్పాంజ్‌తో ఒకసారి తుడిచి, ఆరాకే అడ్హెసివ్ కలపండి.