హౌసింగ్ ఆయిల్ – 4వ పాఠం: లిమిటెడ్ స్లిప్ ఉన్న బండికి ఏ ఆయిల్ పోయాలి?

పోయిన పాఠంలో హౌసింగ్‌లో, అంటే వెనక ఇరుసు మధ్యనుండే డబ్బాలో, క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం) పళ్ల మీద పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) పళ్లు ఎలా రాసుకుంటూ తిరుగుతాయో చూశాం. ఈసారి ఆయిల్ డబ్బా చేతిలోకి తీసుకుందాం.

మన మిర్యాలగూడ వైపు దుకాణంలో హౌసింగ్ ఆయిల్ కావాలంటే "తొంభై నంబరా, నూట నలభయ్యా?" అని అడుగుతారు. ఆ నంబరు చెప్పేది ఆయిల్ చిక్కదనం ఒక్కటే. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా కొంతవరకు ఆపే డిఫరెన్షియల్) ఉన్న బండికి అది చాలదు.

ఎందుకో చెప్తాను. వరి కోతలప్పుడు కల్లాల దగ్గర చూసే ఉంటారు: బురదలో ఉన్న చక్రం గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్నది కదలదు. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్ల అమరిక. మామూలుదైతే రెండు పక్కలకూ సమానంగానే బలం పంచుతుంది. బురద చక్రానికి పట్టు లేదు కాబట్టి రెండోదానికీ అంత తక్కువే అందుతుంది. లిమిటెడ్ స్లిప్‌లో ఎక్కువగా కనిపించే రకంలో, లోపల రెండు పక్కలా క్లచ్ ప్లేట్ల కట్టలుంటాయి. అవి చక్రాలను కొంతవరకు కలిపి పట్టుకుంటాయి. క్రౌన్ పళ్లు మునిగే ఆయిల్‌లోనే ఈ ప్లేట్లూ మునిగి ఉంటాయి. చిక్కంతా ఇక్కడే. మలుపు తిరిగేటప్పుడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి మెల్లగా జారాలి. మామూలు ఆయిల్‌లో అవి అంటుకుంటూ, విడిపోతూ ఉంటాయి. అప్పుడు వెనక నుంచి కటకటమని చప్పుడు, వణుకు.

హాలియా వైపు నుంచి ఒకాయన ఇదే చప్పుడుతో పికప్ తెచ్చాడు. హౌసింగ్ విప్పాల్సిందేనని అప్పటికే ఎవరో భయపెట్టారట, మనిషి బాగా టెన్షన్‌లో ఉన్నాడు. అంతకుముందు మామూలు తొంభై నంబరు ఆయిల్ పోయించాడు. అది తీసేసి ఎల్‌ఎస్ (లిమిటెడ్ స్లిప్‌కు పనికొచ్చే) రకం పోశాం, చప్పుడు పోయింది. అన్ని బండ్లకూ ఇలా తీరదు, ప్లేట్లు అరిగిపోతే విప్పాల్సిందే. అయినా ముందు ఆయిల్ మార్చి చూడండి, ఖర్చు తక్కువ.

డబ్బా మీద మొదట జీఎల్-5 (గేర్ ఆయిల్ ఏ తరగతిదో చెప్పే గుర్తు) అని ఉందా చూడండి. హైపాయిడ్ పళ్ల (క్రౌన్, పినియన్‌ల వంకర పళ్ల) మధ్య ఒత్తిడిని తట్టుకునే గంధకం, భాస్వరం మందులు అందులో ఎక్కువ. జీఎల్-4 ఇక్కడ ఆగదు. అలాగని మిగిలిన జీఎల్-5ను గేర్‌బాక్సులో పోయకండి, కొన్ని రకాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి. తర్వాత ఎల్‌ఎస్ లేదా లిమిటెడ్ స్లిప్ అనే మాట వెతకండి. అది లేకపోతే ప్లేట్లు మెల్లగా జారేలా చేసే మందు, ఫ్రిక్షన్ మాడిఫైయర్ సీసా విడిగా కొని, బండి పుస్తకంలో చెప్పినంతే కలపాలి. ఎక్కువైతే ప్లేట్లు పట్టడమే మానేస్తాయి.

చిక్కదనం సంగతి. 80డబ్ల్యూ-90లో ముందు అంకె చలికి, వెనక అంకె వేడికి. నల్లగొండలో గడ్డకట్టే చలి ఎటూ ఉండదు, కాబట్టి ముందు అంకె గురించి దిగులొద్దు. పుస్తకం రెండింటినీ ఒప్పుకుంటే, ఎండాకాలంలో నిండా వడ్లేసుకుని తిరిగే బండికి నేనైతే 85డబ్ల్యూ-140 పోస్తాను. ఒప్పుకోకపోతే పుస్తకం మాటే వినండి. మరీ చిక్కనిది ప్లేట్ల సందుల్లోకి త్వరగా చొరబడదు.

అన్ని లిమిటెడ్ స్లిప్‌లలో ప్లేట్లుండవు. పళ్లతోనే పనిచేసే రకానికి సాధారణంగా మాడిఫైయర్ అక్కర్లేదు. టిప్పర్లలో స్విచ్ నొక్కితే పడే డిఫ్ లాక్ వేరే సంగతి, దానికీ అక్కర్లేదు.

ఆయిల్ మార్చేటప్పుడు పైన పోసే ప్లగ్‌నే ముందు విప్పండి. కిందిది విప్పి పాతదంతా వదిలేశాక పైది తుప్పుపట్టి రాకపోతే బండి కదలదు. పాత ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే, బ్రీథర్ (హౌసింగ్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం) చూడండి. కొత్తది రంధ్రం అంచు దాకా పోసి, ఖాళీ జాగాలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో పదిసార్లు తిప్పండి. ఆయిల్ ప్లేట్ల మధ్యకు చేరుతుంది.

వచ్చే పాఠంలోగా ఒక పని చేయండి. ఇంజిన్ ఆపి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, వెనక రెండు చక్రాలూ లేచేలా స్టాండ్ల మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది అదే వైపు తిరిగిందా, ఎదురు తిరిగిందా రాసిపెట్టుకోండి. అదే వైపు తిరిగితే ప్లేట్లు పట్టుతున్నట్టు. ఎదురు తిరిగితే మామూలు డిఫరెన్షియలో, ప్లేట్లు అరిగిపోయాయో, లేదా వేరే రకమో తేల్చాలి. అక్కడి నుంచే 5వ పాఠం మొదలుపెడదాం.