బుల్లి బొలేరో కడదాం – 4వ పాఠం: బరువు, స్ప్రింగులు

అసలు బొలేరోకి పదో వంతు కొలతలో, రిమోట్‌తో నడిచే బుల్లి బండిని మనం కడుతున్నాం. మూడో పాఠం దాకా వెంట వచ్చినవాళ్ల దగ్గర ఈపాటికి చాసిస్, రెండు ఇరుసులు, గేర్‌బాక్సు, 55 టర్నుల (లోపల తీగ అన్ని చుట్లు చుట్టిన) మోటారు, 1.55 అంగుళాల రిమ్ములకు ఎక్కించిన 90 మిల్లీమీటర్ల టైర్లు ఉండాలి. రిమోట్ నొక్కితే బండి కదులుతుంది కూడా. అది కదలగానే చాలామందికి చెయ్యి ఊరుకోదు, పెయింటు డబ్బా మూత తీసేస్తారు. ఆ మూత ఇంకో రెండు పాఠాల దాకా తియ్యకండి. బాడీకి తుప్పు మరకలు ఎంత బాగా దిద్దినా, గులకరాయి మీద కప్పలా గెంతిందంటే అది బొమ్మేనని చూసినవాడికి వెంటనే తెలిసిపోతుంది. రంగు ఫొటోని కాపాడుతుంది గానీ వీడియోని కాపాడలేదు.

నిజం బండి ఎలా నడుస్తుందో చూడటానికి మన దగ్గర చోట్లకు కొదవ లేదు. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కే లారీల్ని చూడండి. సంతనాడు కొండబాటలో గెడ్డ (వాగు) దాటే బొలేరోని ఇంకా శ్రద్ధగా చూడండి. ముందు టైరు రాయి మీదికెక్కుతుంది, ఆ వైపు స్ప్రింగు నలుగుతుంది. బాడీ మాత్రం ఒక క్షణం ఆలస్యంగా ఒరుగుతుంది. రాయి దిగాక ఒక్కసారి ఊగి సర్దుకుంటుంది. మన బుల్లి బండి చేత చేయించాల్సింది ఆ ఆలస్యాన్నే.

ఇది ఎందుకు కష్టమో చిన్న లెక్కతో తెలుస్తుంది. మీటరు ఎత్తు నుంచి పడ్డ వస్తువు నేలని తాకడానికి 0.45 సెకను పడుతుంది. మన స్కేలు 1/10 కాబట్టి ఆ మీటరు ఇక్కడ 10 సెంటీమీటర్లు. అంత ఎత్తు నుంచి పడటానికి 0.14 సెకను చాలు. కొలతలు పదో వంతుకి తగ్గాయి, భూమ్యాకర్షణ మాత్రం తగ్గలేదు. అందుకే బుల్లి బండిలో పడటం, ఊగడం, ఒరగడం అన్నీ 10కి వర్గమూలమంత, అంటే 3.16 రెట్లు వేగంగా జరిగిపోతాయి. కంటికి అది తేలిక బొమ్మలా కనిపించేది ఇందుకే. సినిమాల్లో నమూనా బండ్లని, నమూనా వంతెనల్ని ఎక్కువ ఫ్రేముల వేగంతో తీసి నెమ్మదిగా చూపించేదీ ఇందుకే. మీ ఫోనులోనూ 120 ఫ్రేములతో తీసి 30తో ఆడించండి, అంటే నాలుగు రెట్లు నెమ్మది. మనకి కావాల్సిన 3.16కి అది దగ్గరే. అలా తీసిన వీడియోలో కూడా బండి గెంతుతూ కనిపిస్తే తప్పు లెక్కలో లేదు, మీ స్ప్రింగుల్లో ఉంది.

వేగం సంగతీ ఇదే. రాళ్లబాటలో బొలేరో గంటకి 5 కిలోమీటర్లు పోతుందనుకుందాం. పై లెక్క ప్రకారం మన బండి గంటకి 1.6 కిలోమీటర్లు, అంటే సెకనుకి 44 సెంటీమీటర్లు పోవచ్చు. నా కంటికి అది కూడా ఎక్కువే. సెకనుకి జానెడు చాలు. 90 మిల్లీమీటర్ల టైరుకి జానెడంటే చక్రం నిమిషానికి 45, 50 చుట్లు. రిమోట్‌లో థ్రాటిల్ ఎండ్ పాయింట్ (ఎంత నొక్కినా మోటారు దాటని హద్దు) తగ్గించి అక్కడ కట్టేయండి. మొదట్లో విసుగ్గా ఉంటుంది, తర్వాత అదే బాగుంటుంది.

ఇక బరువు దగ్గరికి వద్దాం. పొడవు పదో వంతైతే ఘనపరిమాణం వెయ్యో వంతు. బొలేరో ఒకటిన్నర టన్ను పైచిలుకు ఉంటుంది. లెక్క ప్రకారం మన బండి కిలోన్నర పైచిలుకు ఉండాలి. మామూలుగా ఇలాంటివి రెండున్నర కిలోలకి తగ్గవు. అంటే మనది ఖాళీ బొలేరో కాదు, సంత ముగిశాక జనాన్నీ బస్తాల్నీ కుక్కి కొండెక్కుతున్న బొలేరో. దీనికి బాధపడక్కర్లేదు. మొత్తం బరువు కన్నా అది ఏ ఎత్తులో ఉందన్నదే అసలు సంగతి.

ఒక పలక మీద బండిని అడ్డంగా నిలబెట్టి పలకని ఒక వైపు నుంచి మెల్లగా లేపండి. ఎగువ టైర్లు పలకని వదిలే క్షణంలో కోణం చూడండి. ఫోనులో లెవెల్ చూపించే యాప్ చాలు. టైర్ల బయటి అంచుల మధ్య వెడల్పు 160 మిల్లీమీటర్లు అనుకుంటే అందులో సగం 80. ఆ 80ని మీకు వచ్చిన కోణం టాంజెంట్‌తో భాగిస్తే గరిమనాభి (బండి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దాదాపుగా వస్తుంది. స్ప్రింగులు ఒరుగుతాయి కాబట్టి కాస్త తేడా ఉంటుంది, పర్వాలేదు. గరిమనాభి 90 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే బండి 41 డిగ్రీలు దాటగానే పల్టీ కొడుతుంది. దాన్ని 70కి దించితే దాదాపు 49 డిగ్రీల దాకా నిలబడుతుంది.

ఎలా దించాలి? పైన తగ్గించి, కింద పెంచాలి.

పైన అంటే బాడీ. ఏబీఎస్ (గట్టి ప్లాస్టిక్) బాడీ చూడటానికి గట్టిగా, అసలైన బండి రేకులా ఉంటుంది, కానీ పల్చటి లెక్సాన్ (పాలీకార్బొనేట్ ప్లాస్టిక్) బాడీ కన్నా బాగా బరువు. నేను ఏబీఎస్‌కే ఓటేస్తాను. తలుపు సందులు, గట్టర్ అంచు లెక్సాన్‌లో అంత పదునుగా రావు. ఆ బరువు ఒప్పుకున్నప్పుడు కప్పు మీద మాత్రం పిసినారిగా ఉండాలి. క్యారియర్ మీద పలాస జీడిపప్పు బస్తాలు పేర్చాలని అందరికీ ఉంటుంది. పేర్చండి, కానీ లోపల బియ్యం, ఇసుక పొయ్యకండి. థర్మోకోల్ ముక్కకి గోనెగుడ్డ చుట్టి కుట్టేస్తే సరి. గోనె కన్నా పాత నేత గుడ్డ మేలు, పోగు సన్నగా ఉండి స్కేలుకి నప్పుతుంది. అసలు గోనె 1/10 బండి మీద చేపల వలలా కనిపిస్తుంది.

కింద అంటే చక్రాలు, ఇరుసులు. ఇక్కడ పెట్టిన బరువు స్ప్రింగుల కింద ఉంటుంది కాబట్టి బాడీని ఊపదు. పెద్ద బండికి స్ప్రింగు కింద బరువు శత్రువు. జానెడు వేగంతో నడిచే మన బండికి మాత్రం అది నేస్తం. చవక దారి ఏమిటంటే, వీల్ బ్యాలెన్సింగ్ చేసే షాపులో రిమ్ముకి అంటించే 5, 10 గ్రాముల బిళ్లలు దొరుకుతాయి. వాటిని మన రిమ్ము లోపల చుట్టూ సమానంగా అంటించొచ్చు. అవి సీసానివైతే పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేతికివ్వకండి.

మంచి దారి ఇత్తడి. బుడితి ఇత్తడి పనికి పేరు తెచ్చుకున్న సిక్కోలు వాళ్లం, మనకి ఇత్తడి కొత్తా? కాకపోతే ముడిసరుకు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కంచు ముక్క చవగ్గా వచ్చింది కదా అని తీసుకోవద్దు. అది పెళుసు, చిన్న రంధ్రం వేస్తుంటేనే పగులుతుంది. ఇత్తడి కడ్డీయే అడగండి. బయటి వ్యాసం 35, లోపలి వ్యాసం 27, వెడల్పు 15 మిల్లీమీటర్లు ఉన్న రింగు సుమారు 50 గ్రాములు తూగుతుంది. అదే కొలతతో అల్యూమినియం అయితే 16 గ్రాములే. రిమ్ము లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి, కాగితం మీద బొమ్మ గీసి, లేత్ షాపుకి పట్టుకెళ్లండి. నోటితో చెబితే కుదరదు. నేను కాగితం ఇస్తే మా లేత్ మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, అమ్మవారి గాజులా?" అన్నాడు. "కాదు గురువుగారూ, బండి చక్రాలకి" అంటే నమ్మలేదు గానీ, రింగుని 0.1 మిల్లీమీటరు వదులుగా తీసి, అంచు మీద ఆకురాయి ఆడించి మరీ ఇచ్చాడు. ఆ అంచు ముఖ్యం. పదును మిగిలితే టైరుని లోపల్నుంచి కోసేస్తుంది.

ముందు రెండు చక్రాలకే రింగులు పెట్టండి. వెనక వద్దు. ఎందుకో లెక్కలోనే ఉంది. మన వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 268 మిల్లీమీటర్లు, బొలేరో 2,680కి పదో వంతు. వంటింటి త్రాసులు రెండు తెచ్చి ముందు టైర్లు ఒకదాని మీద, వెనక టైర్లు ఇంకోదాని మీద నిలబెట్టండి. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ముందు 45, వెనక 55 శాతం వచ్చిందనుకోండి. గరిమనాభి ఎత్తు 70 అయితే 35 డిగ్రీల ఎత్తు ఎక్కేటప్పుడు బరువు 49 మిల్లీమీటర్లు వెనక్కి జారినట్టే లెక్క. అప్పుడు ముందు టైర్ల మీద మిగిలేది 27 శాతం. స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు ఊరికే రాయి మీద జారుతాయి. అదే నేల మీద ముందు 60 శాతం ఉండేలా సర్దితే, అదే ఎత్తులో 42 శాతం మిగులుతుంది. బండి ముక్కుతో పట్టుకుని పైకి లాక్కుంటుంది. ఇత్తడి రింగులు పెట్టినా 60 రాకపోతే బ్యాటరీని వెనక నుంచి తీసి ముందు ఇరుసు మీదికి తెండి. సీటు కింద అందంగా దాచుకుంటానంటే కుదరదు.

బ్యాటరీ అన్నాను కాబట్టి ఒక మాట. ఏప్రిల్, మే ఎండల్లో లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని స్కూటర్ డిక్కీలో వదలకండి. ఇంట్లో పెట్టేటప్పుడు సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, నిండా 4.2కి నింపి వారాల తరబడి ఉంచితే ఉబ్బుతుంది.

స్ప్రింగులు. అసలు బొలేరోకి వెనక కమాన్ కట్టలు. బుల్లి కమాన్ కట్టలు కూడా దొరుకుతాయి, చూడముచ్చటగా ఉంటాయి. ఉన్న తంటా ఏమిటంటే చాలా సెట్లు రాయిలా బిగువు. పెద్ద బండిలా నలగాలంటే ఆకులు తీసేస్తూ పోవాలి, ఒక్కో ఆకు తీసి చూడాలి. ఓపిక లేనివాళ్లు వెనక కూడా ఆయిల్ షాకబ్జర్లే వాడుకోండి. తప్పేం లేదు, కింద పడుకుని చూసేవాడెవడు?

షాకబ్జర్ మొత్తం ప్రయాణం 30 మిల్లీమీటర్లు అయితే, బండి తన బరువుతో నిలబడ్డప్పుడే అందులో 10, 12 మిల్లీమీటర్లు నలిగి ఉండాలి. అలా ఉంటేనే గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలని వెతుక్కుంటుంది. బండి బుర్ర నిక్కి నిలబడితే స్ప్రింగు గట్టి. కాలర్ (స్ప్రింగుని పైనుంచి నొక్కే మర రింగు) పైకి తిప్పినా దిగకపోతే మెత్తటి స్ప్రింగు మార్చాల్సిందే. మెత్తటి స్ప్రింగు, చిక్కటి ఆయిల్: ఆ ఆలస్యపు ఊపు వచ్చేది ఈ జోడీతోనే.

ఆయిల్ అంటే సిలికాన్ షాక్ ఆయిలే. 30 వెయిట్‌తో (ఇది ఆయిల్ చిక్కదనానికి కొలత) మొదలుపెట్టి బండి బరువుని బట్టి 40కి వెళ్లండి. ఇంజిన్ ఆయిల్ లోపలి రబ్బరు రింగుల్ని ఉబ్బించొచ్చు. కొబ్బరినూనె వాడినవాళ్లున్నారు, డిసెంబరు పొద్దున్న బండి తీసేసరికి షాకబ్జర్లో నూనె పేరుకుపోయి కర్రల్లా అయ్యాయి. పోసే పద్ధతి కూడా ముఖ్యమే. పిస్టన్‌ని అడుగుకి దించి, ఆయిల్ నింపి, పిస్టన్‌ని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. బుడగలు పైకొస్తాయి. గ్లాసులో నిలబెట్టి పది నిమిషాలు వదిలేస్తే మిగతావీ వస్తాయి. తర్వాత మూత బిగించండి. బిగించాక కడ్డీ నొక్కితే పిచ్ పిచ్ మని చప్పుడొస్తే గాలి ఉన్నట్టే, మళ్లీ మొదటికి.

పరీక్ష చాలా తేలిక. బాడీ బిగించి, బానెట్ మీద వేలితో పూర్తిగా నొక్కి వదిలేయండి. గబుక్కున లేచి మళ్లీ ఊగితే ఆయిల్ పల్చన. లేవడానికి బద్ధకిస్తూ మధ్యలో ఆగిపోతే మరీ చిక్కన. ఒక్కసారి లేచి, ఉన్నచోట కుదురుకుంటే సరిపోయింది.

టైర్ల లోపలి ఫోమ్‌ని మర్చిపోకండి. కొత్త ఫోమ్ గట్టిగా ఉంటుంది, దాని బయటి వైపు వేలెడు దూరానికొకటి చొప్పున కత్తెరతో పల్లాలు తీస్తే టైరు రాయి చుట్టూ వాలుతుంది. రిమ్ముకి గాలి రంధ్రం ఉంటే టైరు ఇంకా బాగా నలుగుతుంది, కానీ నీళ్లలో దించితే అందులోంచే నీళ్లు చేరతాయి. గెడ్డలో ఆడించాలనుకునేవాళ్లు ఆ రంధ్రం టైరు మధ్యలో పెట్టుకోండి, తిరిగేటప్పుడు నీరు బయటికి పోతుంది.

ఎక్కడ నడిపి చూడాలి? వేసవిలో నాగావళి ఇసుక బాగానే ఉంటుంది, కానీ ఇత్తడి రింగులు పెట్టాక ఇసుకలోకి దించితే ముక్కు కూరుకుపోతుంది. ఈ పాఠానికి రాయే కావాలి. టెక్కలి వైపు గ్రానైట్ రాయి గరుకుగా ఉండి టైరుకి మంచి పట్టు ఇస్తుంది. పనిచేస్తున్న క్వారీల్లోకి మాత్రం వెళ్లకండి, రోడ్డు పక్క బండలు చాలు. విజయనగరం వాళ్లకి రామతీర్థం గుర్తొస్తుంది. గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయి, అక్కడ బండి తియ్యకండి. ఊరి బయట మెట్టల్లో రాళ్లకి కరువా? కళింగపట్నం బీచ్‌లో ఆడించాలని మరీ సరదాగా ఉంటే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బేరింగుల్లో చుక్క నూనె వెయ్యండి. ఉప్పు గాలి వాటిని ఊరికే వదలదు.

వచ్చే పాఠానికి మీరు చేసి ఉంచాల్సినవి: ఒరుగుడు కోణం రెండుసార్లు కొలిచి రాసుకోండి, ఒకటి బాడీ లేకుండా, ఒకటి బాడీ పెట్టి. రెండింటికీ మధ్య 6, 7 డిగ్రీలకి మించి తేడా ఉంటే కప్పు మీద ఇంకా తగ్గించాలి. ముందు, వెనక బరువుల శాతం కూడా పక్కనే రాయండి. ఐదో పాఠంలో తలుపు సందులు కోయడం, సీట్లు, డాష్‌బోర్డు. దానికి 1 మిల్లీమీటరు మందం స్టైరీన్ (ప్లాస్టిక్) షీటు ఒకటి, పదునైన కట్టర్ బ్లేడ్లు, స్టీలు స్కేలు తెచ్చుకోండి. ప్లాస్టిక్ స్కేలు వద్దు, బ్లేడు దాన్నీ కోసేస్తుంది.